తిరుగు ఛార్జీ

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి అప్పటికి నాలుగు రోజులైంది. కారణం చెబితే మీరు నవ్వుతారు. బల్ల నిండా ఆంధ్రా, తెలంగాణా రెండూ పరిచి ఉన్నాయి. పప్పుగిన్నె పెట్టాలంటే ఖమ్మం మీద పెట్టాలి. పెరుగు పెట్టాలంటే గోదావరిలో పెట్టాలి. "పెద్దమ్మా, మరక పడిందంటే అక్కడో చెరువుందనుకుని పొరబడతాను" అంటుంది పిల్ల. అందుకని ముగ్గురం కంచాలు ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుని తింటున్నాం. ఈ ఏర్పాటు మావారికి మాత్రం మహా బాగుంది. ఇన్నాళ్ళూ టీవీ ముందు తినొద్దని నేను పెట్టిన రూలు దానంతటదే పోయింది కదా!

పిల్లంటే మా చెల్లెలి కూతురు. ఒంగోలు నుంచి వచ్చి మా రామంతాపూర్ ఇంట్లో ఉంటూ విమానం నడపడం నేర్చుకుంటోంది. పొద్దున్నే లేచి, ఉప్పల్లో మెట్రో ఎక్కి బేగంపేట వైపు పోతుంది. సాయంత్రం మొహమంతా ఎండకి కమిలిపోయి వస్తుంది. చదువు చదువులాగే ఉంటుందనుకున్నాను గానీ, దీనికి పరీక్షలు నేల మీద కొన్ని, ఆకాశంలో కొన్ని. పైలట్ లైసెన్సు చేతికి రావాలంటే 200 గంటలు ఎగరాలి. అందులో ఒకసారి, పక్కన మాస్టారు లేకుండా ఒంటరిగా, 300 నాటికల్ మైళ్ళకి తక్కువ కాకుండా, దారిలో రెండు వేరే ఊళ్ళలో దిగి తిరిగి రావాలి. నాటికల్ మైలంటే కిలోమీటరుకి రెట్టింపు కన్నా కాస్త తక్కువ. అంటే 550 కిలోమీటర్ల పైమాటే. ఆ ప్రయాణానికి పథకం వేస్తున్నారన్నమాట మా భోజనాల బల్ల మీద.

విమానమంటే మనం ఎక్కేలాంటిది కాదండోయ్. సెస్నా 152 అని, ఇద్దరు మాత్రమే, అదీ భుజాలు రాసుకుంటూ కూర్చునే బుల్లి విమానం. దాని ఇంజను శక్తి 110 గుర్రాలు. మా పక్కింటాయన ఈమధ్య కొన్న కారుది కూడా దాదాపు అంతే. ఆ కారులో ఆయన ఘట్‌కేసర్ దాకా వెళ్ళొచ్చి ఆయాసపడతాడు. ఈ పిల్ల అంత ఇంజనుతో రాజమండ్రి వెళ్ళి, అక్కణ్ణించి విజయవాడ వెళ్ళి, చీకటి పడేలోగా బేగంపేట చేరాలంటోంది.

"ఇప్పుడంతా టాబ్లెట్లలో ఉంటుంది కదే, ఈ కాగితాలెందుకు?" అన్నారు మావారు.

"టాబ్లెట్లో చార్జింగ్ అయిపోవచ్చు పెదనాన్నా. కాగితానికి చార్జింగ్ అక్కర్లేదు. మా సారు కాగితం మీద గీస్తేనే సంతకం పెడతారు" అంది.

ఆ సారుకి నేను మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను. ఎందుకంటే నా ఉద్యోగమంతా కాగితం మీద గీతలు గీయడమే. మాకు ఉప్పల్ దగ్గర పటాల వాళ్ళ ఆఫీసు ఉంది కదా, సర్వే ఆఫ్ ఇండియా. అందులో నేను పాతికేళ్ళ పైన పనిచేశాను. ఎవరో ఎండలో కొలిచి తెచ్చిన వాగుల్నీ, గుట్టల్నీ, బండిబాటల్నీ మేం ఫానుకింద కూర్చుని శుభ్రంగా గీసేవాళ్ళం. ఎన్ని ఊళ్ళ పేర్లు రాశానో నాకే లెక్కలేదు. ఆ ఊళ్ళు ఒక్కటీ చూడలేదు. మా పటాలు పట్టుకుని ఎవరెవరో ఎక్కడెక్కడికో పోయేవారు. నేను మాత్రం అయిదున్నరకల్లా ఉప్పల్ నుంచి బస్సెక్కి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేదాన్ని. అంచేత మా పిల్ల పటం పరిచి స్కేలు తీసిన రోజున, వంటింట్లో పోపు మాడుతున్నా కదలబుద్ధి కాలేదు.

పటం పది లక్షలకి ఒకటి లెక్కన గీసింది. అంటే ఒక సెంటీమీటరు పది కిలోమీటర్లు. బేగంపేట నుంచి రాజమండ్రి మధురపూడి విమానాశ్రయానికి పెన్సిలుతో గీత గీస్తే 36 సెంటీమీటర్లయింది. మూర కూడా లేదు! అక్కణ్ణించి గన్నవరానికి ఇంకో జానెడు లోపే. గన్నవరం నుంచి ఇంటికి 27. మొత్తం కలిపితే గజం గుడ్డకి తక్కువ. జాకెట్టు ముక్కంత ప్రయాణానికి నాలుగు రోజులా అనిపించింది నాకు. ఆ మాటే అన్నాను.

"గీత మీద ఏముందో చూడు పెద్దమ్మా" అంది.

చూశాను. నేను ఎప్పుడో పేర్లు రాసిన ఊళ్ళే. ఉప్పల్ దాటి కాసేపటికి ఎడమచేతి వైపు భువనగిరి గుట్ట. ఏకశిల కదా, ఎంత దూరాన్నించైనా తెలిసిపోతుంది. సరిగ్గా సగం దారిలో ఖమ్మం. తర్వాత సత్తుపల్లి. ఆ తర్వాత ఇక అడగక్కర్లేదు, గోదావరి. అవతల రాజమండ్రి. అక్కణ్ణించి విజయవాడ గీత మీద ఏలూరు, ఎడమ పక్కన కొల్లేరు. వచ్చేటప్పుడు కుడిచేతి వైపు కాస్త దూరంగా విజయవాడ రోడ్డు తోడు. పది పన్నెండు నిమిషాలకో గుర్తు చొప్పున ఎంచుకుని, ఒక్కోదాని పక్కన ఎన్నింటికి అక్కడుండాలో రాసుకుంది. గుర్తు కనపడాల్సిన టైముకి కనపడకపోతే దారి తప్పినట్టో, గాలి మారినట్టో లెక్క. మనం రైల్లో కూర్చుని "డోర్నకల్ ఇంకా రాలేదేమిటీ" అనుకోమూ? అలాగే. కాకపోతే ఇక్కడ రైలు పట్టాలు లేవు.

రెండో రోజు బరువుల లెక్క. ఆ విమానం ఖాళీగా అయిదొందల కిలోల పైచిలుకు ఉంటుందిట. మనిషి, పెట్రోలు, సంచీ అన్నీ కలిపి 757 కిలోలు దాటకూడదు. అంటే మిగిలేది రెండొందల నలభై చిల్లర. మా పిల్ల బాత్రూమ్ బయట బరువు తూచే మిషను పెట్టి తన బూట్లూ, నీళ్ళ సీసా, పటాల సంచీ అన్నీ తూచింది. నేను ఆ పక్కనుంచి పోతుంటే, "నువ్వూ ఎక్కు పెద్దమ్మా, సరదాకి" అంది. ఈ వయసులో ఆడదాని బరువు అడిగేవాళ్ళకి బుద్ధి ఉండాలి. సరే, ఎక్కాను. 82.

పిల్ల కాసేపు పెన్సిలుతో గీకి, "నువ్వు అయిదు గంటల పెట్రోలువి" అంది.

మావారు పేపరు చాటున నవ్వడం నాకు వినపడింది. లెక్క ఏమిటంటే, ఆ విమానం గంటకి సుమారు 23 లీటర్లు తాగుతుంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలోకి కాస్త తక్కువ తూగుతుంది. నా 82 కిలోలూ పెట్రోలైతే అయిదు గంటలు ఎగరొచ్చు. అప్పటిదాకా నేను మా చెల్లెలి తరఫున, "ఒక్కర్తివే ఎందుకే, పక్కన ఎవరైనా ఉంటే ధైర్యం కదా" అంటూ వస్తున్నాను. ఆ మాట ఆ రోజుతో మానేశాను. పక్కన మనిషిని ఎక్కించుకోవడమంటే ఏమిటో మిషను మీద నిలబడ్డాక అర్థమైంది.

పెట్రోలుతో ఇంకో చిక్కుంది. మనం ఎక్కే పెద్ద విమానాలు తాగేది కిరసనాయిలు జాతిది. ఈ బుల్లి విమానాలకి అది పనికిరాదు, ఏవ్‌గ్యాస్ అని వేరే పెట్రోలు కావాలి. పెద్ద విమానాలు దిగిన చోటల్లా అది దొరుకుతుందని లేదు. అందుకని దారిలో పోయించుకోవచ్చులే అన్న ధీమా పెట్టుకోకుండా, ఎక్కువ పట్టే ట్యాంకులున్న విమానం అడిగింది. వాడుకోదగ్గ పెట్రోలు 142 లీటర్లు. ఆరు గంటలు. గాలి లేకపోతే మొత్తం ప్రయాణం నాలుగుంబావు గంటలు. ఎదురుగాలికి అరగంట వేసుకో. పైన ఏం జరిగినా ముట్టుకోకూడని పెట్రోలు ముప్పావుగంటది. ఇంకా కాస్త మిగులుతుంది. శుభ్రంగా ఉంది లెక్క.

"గాలి లేకపోతే" అన్న మాట దగ్గరే వచ్చింది బాధంతా. దీని వేగం గంటకి 95 నాట్లు, అంటే 175 కిలోమీటర్లు. వినడానికి బాగానే ఉంది. జెట్ విమానానికి ఎదురుగాలి ఒక లెక్కలోది కాదు. దీనికి పదిహేను నాట్ల ఎదురుగాలి తగిలిందంటే రాజమండ్రి రెండు గంటల దారి కాస్తా రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలవుతుంది. ఏనుగు మీద పోయేవాడికి వాగు లోతు తెలియదు, మేక మీద పోయేవాడికే తెలుస్తుంది.

ఆ రాత్రి ఒంగోలు నుంచి మా చెల్లెలు ఫోను. "అక్కా, నీ దగ్గరుంది కదా అని ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు ఒక్కర్తినీ పంపుతారట. నువ్వు వద్దని చెప్పు. నీ మాటైతే వింటుంది" అని ఒకటే ఏడుపు. మరిది రెండెకరాలు తాకట్టు పెట్టి మరీ కట్టాడు ఫీజు. చదవమన్నదీ వాళ్ళే, చదువుతుంటే ఏడ్చేదీ వాళ్ళే. తల్లి ప్రాణం అంతే, తప్పుపట్టలేను. కానీ ఏమని చెప్పను?

చెప్పడానికి నాకు పుస్తకాల్లో దొరికింది కొంత ఉంది. మా ఆఫీసులో ఉన్నప్పటి నుంచీ నాకీ పాత విమానాల కథలంటే పిచ్చి. 1930లో ఏమీ జాన్సన్ అని ఇరవయ్యారేళ్ళ పిల్ల, లండన్లో ఓ ప్లీడరు ఆఫీసులో టైపు కొట్టుకునేది, పాత విమానమొకటి కొని ఆస్ట్రేలియాకి ఒక్కర్తీ బయల్దేరింది. జిప్సీ మాత్, నూరు గుర్రాలకి మించని ఇంజను, తలమీద కప్పు కూడా లేదు. మే 5న బయల్దేరి ఆరో రోజుకి కరాచీ చేరింది. అక్కణ్ణించి అలహాబాదు దాకా ఒక్క దూకున పోవాలని ఆమె పథకం. పెట్రోలు అయిపోవచ్చింది. ఝాన్సీలో సిపాయిల పరేడు మైదానంలో దిగిపోయింది. అలా అక్కడక్కడా ఆగుతూ, బాగుచేయించుకుంటూ మే 24న డార్విన్లో దిగింది. ఝాన్సీలో దిగిందని ఎవరూ ఆమెని చేతకానిదనలేదు.

అదే ఏడు మనవాళ్ళు ఆగాఖాన్ బహుమతికి పోటీపడ్డారు, ఇంగ్లండుకీ ఇండియాకీ మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయుడికి ఇచ్చేది. పోటీలో జె.ఆర్.డి. టాటా ఇటు కరాచీ నుంచి, పదిహేడేళ్ళ ఆస్పీ ఇంజనీరు అటు ఇంగ్లండు నుంచి. ఇద్దరూ ఈజిప్టులో అబూకీర్ అనే చోట ఎదురుపడ్డారు. ఆస్పీ విమానానికి స్పార్క్ ప్లగ్గు పాడైపోయి కూర్చుంది. టాటా తన దగ్గరున్న స్పేరు ప్లగ్గులు తీసి ఇచ్చాడు. చివరికి ఆస్పీయే గెలిచాడు, అదీ కొద్ది గంటల తేడాలో. ఆ కుర్రాడే తర్వాత మన వాయుసేనకి అధిపతి అయ్యాడు. టాటా ఔదార్యం గురించి అందరూ రాశారు. నాకు మాత్రం ఎప్పుడూ ఆయన సంచీలో స్పేరు ప్లగ్గులు ఉండటమే గొప్పగా తోస్తుంది. ఇవ్వాలంటే ముందు తెచ్చుకోవాలి కదండీ.

ఆయనే 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి ఉత్తరాల మూటతో పస్ మాత్ విమానంలో అహ్మదాబాదు మీదుగా బొంబాయి వచ్చాడు. దాని ఇంజను మా పిల్ల సెస్నా కంటే ఏమంత పెద్దది కాదు. రేడియో లేదు. అహ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయట! బొంబాయిలో మూట అందుకుని నెవిల్ విన్సెంట్ అనే ఆయన మన బళ్ళారి మీదుగా మద్రాసు తీసుకెళ్ళాడు. మళ్ళీ 1982లో, డెబ్బై ఎనిమిదో ఏట, టాటా అలాంటి పాత విమానంలోనే అదే దారి ఇంకోసారి ఎగిరాడు. 2021లో అదే అక్టోబరు 15న ఆరోహి పండిట్ అనే అమ్మాయి భుజ్ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి ఎగిరి ఆ ప్రయాణాన్ని గుర్తుచేసింది. ఆ అమ్మాయి 2019లోనే బుల్లి విమానంలో స్కాట్లండు నుంచి ఐస్‌లండు, గ్రీన్‌లండు మీదుగా కెనడా దాకా అట్లాంటిక్ ఒక్కర్తీ దాటేసింది. అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఆమె ఫోటో మా పిల్ల మంచం పక్క గోడకుంది.

అంతదూరం ఎందుకు, ఎన్ని కంపెనీలో ఆడదానివని కాదంటే, ప్రేమ్ మాథుర్‌ని పైలట్‌గా తీసుకున్నది మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేసే. 1940ల చివరి మాట. మా పిల్ల ఇప్పుడు ఎగిరే బేగంపేటే వాళ్ళకీ ఇల్లు.

ఇవన్నీ మా చెల్లెలికి ఫోనులో చెప్పాను. "కథలు బాగానే ఉన్నాయి గానీ అక్కా, వాళ్ళెవరూ నా కూతుళ్ళు కారు" అంది. నిజమే. నేను నోరుమూసుకున్నాను.

మూడో రోజు రాత్రి మావారు నిద్రపోయాక, నేనూ పిల్లా బల్ల దగ్గర కూర్చున్నాం. లెక్కలన్నీ ఒక కాగితం మీద చక్కగా రాసుకుంది. చూస్తుంటే నాకేదో వెలితిగా ఉంది. ఏమిటో తెలియడం లేదు. కాసేపటికి తట్టింది.

"ఇందులో వెనక్కి రావడం ఎక్కడుందే?" అన్నాను.

"గన్నవరం నుంచి బేగంపేట, ఇదిగో."

"అది కాదు. మధ్యలో వెనక్కి తిరగాల్సి వస్తే?"

"పరిస్థితి చూసి అక్కడే నిర్ణయించుకుంటాను పెద్దమ్మా."

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. 1967లో గోదావరి పుష్కరాలకి అమ్మ మా ఇద్దర్నీ రాజమండ్రి తీసుకెళ్ళింది. నాకు పన్నెండు, చెల్లెలికి ఆరు. నాన్న రాలేదు. బయల్దేరే ముందు అమ్మ తిరుగు టిక్కెట్లకి కావలసిన డబ్బు కొంగు చివర మూడు ముళ్ళు వేసి కట్టి బొడ్లో దోపుకుంది. ఆ జనంలో మా చేతిసంచీ ఎక్కడో పోయింది. రెండో రోజుకి చేతిలో చిల్లర కూడా లేదు. చెల్లెలు జీళ్ళు కావాలని కోటిలింగాల రేవు మెట్ల మీద దొర్లి దొర్లి ఏడ్చింది. పక్కనున్నావిడ కూడా "కొనిపెట్టరాదుటమ్మా" అంది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ ముడి మాత్రం విప్పలేదు. "అది ఖర్చుపెట్టుకునే డబ్బు కాదే. ఇంట్లోనే ఖర్చయిపోయింది" అంది. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

పిల్లకి ఈ కథ చెప్పి, "రేవులో నిలబడి నిర్ణయించుకుంటే జీళ్ళు కొనేస్తాం. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే నిర్ణయించుకో" అన్నాను.

పిల్ల ఏమీ అనలేదు. పెన్సిలు చివర కొరుకుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత నా పాత పెట్టెలోంచి ఎర్ర పెన్సిలు తీసి, ఖమ్మం దగ్గర గీతకి అడ్డంగా ఒక గీత గీసింది. ఎనిమిదింటికి లేస్తే ఖమ్మం రావలసింది తొమ్మిదీ ఎనిమిదికి. గీత పక్కన రాసుకుంది: "9.15 దాటితే వెనక్కి. ముందు నేల సరిగా కనపడకపోయినా వెనక్కి. ఆలోచించక్కర్లేదు."

ఆ వారంలోనే ఒకరోజు అనుమతులన్నీ వచ్చాయి. నవంబరు నెల. తెల్లారగట్లే లేచి దోసెలు పోస్తే ఒకటే తింది. గాలి తూర్పు నుంచి పది నాట్లని సూచన. ఎనిమిదింటికి నేను డాబా ఎక్కాను. 2008 మార్చి దాకా, శంషాబాద్ తెరవకముందు, బేగంపేట విమానాలు మా ఇంటి పాత్రలు అదిరేలా పోయేవి. అలవాటుకొద్దీ ఆకాశం వైపు చూశాను. ఏం కనపడలేదు. గద్ద ఒకటి తిరుగుతోంది. కిందకొచ్చి, ఏ పనీ తోచక, శుభ్రంగా ఉన్న బియ్యాన్నే మళ్ళీ ఏరాను.

పదీ ఇరవైకి ఫోను మోగింది. రాజమండ్రి చేరిన ఫోను పదిన్నరకి గానీ రాకూడదు. నా చెయ్యి వణికింది.

"బేగంపేటలో ఉన్నాను పెద్దమ్మా. వెనక్కొచ్చేశాను."

గొంతులో ఏడుపు వినపడుతోంది. నాకు మాత్రం కాళ్ళు చల్లబడి, స్టూలు మీద కూలబడి, "మంచిపని చేశావు" అనడానికి నిమిషం పట్టింది.

ఇంటికొచ్చాక చెప్పింది. గాలి పది కాదుట, పాతిక దాకా ఉందిట. ఖమ్మం ఖిల్లా కనపడేసరికి తొమ్మిదీ ఇరవై ఒకటి. ముందు సత్తుపల్లి వైపు తెల్లగా పాలు విరిగినట్టు మబ్బు, నేల కనపడటం లేదు. "పెట్రోలు బోలెడుంది పెద్దమ్మా. ఇంకో పది నిమిషాలు పోయి చూద్దామనిపించింది. ఎవరైనా అలాగే అనుకుంటారు. మోకాలి మీద కాగితంలో ఎర్రగీత కనపడింది. ఆలోచించక్కర్లేదు అని నా చేత్తోనే రాసుకున్నాను కదా. తిప్పేశాను." వెళ్ళేటప్పుడు గంటా ఇరవై నిమిషాలు పట్టిన దారి, అదే గాలి వెనకనుంచి తోస్తే వచ్చేటప్పుడు ముప్పావుగంటలో అయిపోయిందిట.

ఎగిరిన గంటలు లెక్కలోకొస్తాయి గానీ ఆ ప్రయాణం లెక్కలోకి రాదు. మళ్ళీ మొదట్నుంచీ వెళ్ళాల్సిందే. గంటకి వేలల్లో ఖర్చు. మావారు పెన్ను తీసి ఏదో లెక్క వేయబోయి, నా మొహం చూసి పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

రాత్రి చెల్లెలు ఫోను చేసింది. పంపొద్దని ఏడ్చిన మనిషే! "వెనక్కొచ్చేసిందిటగా అక్కా. ఖమ్మం దాకా వెళ్ళింది, ఇంకో గంట వెళ్ళలేకపోయిందా? భయపడిందా? రేపు ఉద్యోగంలో ఎలా చేస్తుందిట? వాళ్ళ నాన్న పొద్దుట్నుంచీ మాట్లాడటం లేదు."

"పుష్కరాల్లో నువ్వు జీళ్ళ కోసం ఏడ్చావు, గుర్తుందా?" అన్నాను.

"ఇప్పుడదెందుకు?"

"గుర్తుందా లేదా?"

"ఎందుకు లేదు? అమ్మ కొనలేదు. పెద్దయ్యాక కూడా దెప్పేదాన్ని."

"నీ కూతురు కూడా కొనలేదే. కొంగుముడి విప్పకుండా ఇంటికొచ్చింది."

అవతల చాలాసేపు మాట లేదు. ఫోను కట్టయిందేమోనని "హలో హలో" అన్నాను కూడా. తర్వాత ముక్కు చీదిన చప్పుడైంది. "దానికి ఫోను ఇవ్వు అక్కా" అంది. ఇచ్చి, నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. తల్లీ కూతుళ్ళ మాటలు వినకూడదని కాదు, పాలు పొంగుతున్నాయి.

తొమ్మిది రోజుల తర్వాత రెండోసారి వెళ్ళింది. ఈసారి నేను డాబా ఎక్కలేదు, బియ్యం ఏరలేదు. నా దగ్గర ఇంకో కాపీ ఉంది కదా కాగితం, దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదీ ఎనిమిదికి ఖమ్మం అనుకున్నాను. తొమ్మిదిన్నర దాటాక సత్తుపల్లి అనుకున్నాను. ఎప్పుడో నా చేత్తో రాసిన పేర్లు ఒక్కోటే కిందనుంచి వెళ్ళిపోతున్నట్టనిపించింది. మావారు కూడా వచ్చి పక్కన కూర్చుని, "ఇప్పుడెక్కడుంది?" అని రెండు నిమిషాలకోసారి అడిగి ప్రాణం తీశారు.

పదీ ముప్పై అయిదుకి ఫోను.

"పెద్దమ్మా, రాజమండ్రి! గోదావరి ఎంతుందనుకున్నావు! బ్రిడ్జీలన్నీ అగ్గిపుల్లల్లా ఉన్నాయి. ఇంకో అరగంటలో గన్నవరం బయల్దేరతాను."

"ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను. పెద్దమ్మా, ఇక్కడ ఒకాయన పూతరేకులు ఇస్తానంటున్నారు, ఇంటికి పట్టుకెళ్ళమని. పెద్ద పెట్టె. తేనా?"

"పూతరేకులకి బరువేముంటుందే, తీసుకురా" అనబోయి ఆగాను. "ఎన్ని కిలోలుంటుంది?" అన్నాను.

"తూచాను. రెండుంబావు."

"లెక్క మళ్ళీ వేశావా?"

"వేశాను. నువ్వు కాదుగా, పూతరేకులేగా. సరిపోతుంది" అంది పిల్ల. పక్కనుంచి మావారు, నెయ్యి వేసినవో కాదో కనుక్కోమని నా చెయ్యి గిల్లుతున్నారు.